కారు కప్పు మీద లేసు పూలు

కార్ల మీద నాకు మోజు లేదని ముందే చెప్పేస్తున్నాను. కారన్నది డ్యూటీకి తీసుకెళ్ళాలి, వాన తగలకుండా ఇంటికి తీసుకురావాలి. అంతకుమించి దానితో నాకు పనిలేదు. అలాంటిదాన్ని వచ్చి వచ్చి ఇంగ్లండులోని కోవెంట్రీలో పడ్డాను, అదీ కార్ల కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చుని రోజంతా తలుపుల బొమ్మలు గీసే మనిషి పక్కన. ఆదివారం చర్చిలో పాస్టరుగారు పరలోకం గురించి చెబుతుంటే మావారు కిటికీలోంచి పార్కింగులో ఉన్న బండ్ల వంక చూస్తుంటారు. మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి ‘ఆమెన్’ అంటారు.

రెండువేల తొమ్మిదిలో మేము అద్దెకు దిగిన ఇంటికి ఆనుకునే ఒక ముసలాయన ఇల్లు. భార్య పోయింది, పిల్లలు లేరు. మావారు మొదటిరోజే ఆయన్ని అంకుల్ అనేశారు. ఆయన కంగారుపడి తన పేరు చెప్పారు. మావారు ఆ పేరుకి కూడా అంకుల్ తగిలించారు. కొన్నాళ్ళు సరిదిద్ది సరిదిద్ది ఆయనే విసిగిపోయారు. చివరికి మా తలుపు కొట్టి ‘అంకుల్ వచ్చాడు’ అని తనే చెప్పుకునే దాకా వచ్చింది వ్యవహారం.

మా ఇళ్ళ వెనక సందులో వరసగా పాత గ్యారేజీలు ఉండేవి. ఓ వేసవిలో అంకుల్ గ్యారేజీ షట్టరు బిగుసుకుపోతే మావారిని సాయానికి పిలిచారు. ఇప్పుడే వస్తానని వెళ్ళిన మనిషి భోజనాల వేళకి కూడా రాలేదు. ఒళ్ళు మండి నేనే వెళ్ళాను. షట్టరు ఎత్తి ఉంది. టార్పాలిన్ ఒకటి నేలమీద పడి ఉంది. మావారు చేతులు కట్టుకుని, చర్చిలో ఎన్నడూ నిలబడనంత భక్తిగా నిలబడి ఉన్నారు. ఎదురుగా కారు.

దాన్ని కారనుకోవడానికి నాకు కాస్త టైము పట్టింది. ముందువైపు ఇంజను బయటికి పొడుచుకొచ్చి ఉంది. వెనక చక్రాలు రోడ్డురోలరువంత లావు. పైకప్పు ఎంత కిందికి ఉందంటే లోపల కూర్చోవాలంటే నడుం విరగ్గొట్టుకోవాలి. రంగు ఎరుపు, మామూలు ఎరుపు కాదు, దానిమ్మగింజని వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే కనబడే ఎరుపు. సీట్లకి బొత్తాలు కుట్టిన మఖమల్ గుడ్డ, సగం ఎలుకలు తినేశాయి.

దాన్ని హాట్ రాడ్ అంటారట. అంకుల్ కుర్రతనంలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. డెబ్బైలలో ఈ దేశంలో కుర్రాళ్ళకి ఇదో పిచ్చి. యాభైల నాటి చిన్న నల్లకారు ఒకటి పాత ఇనుము కొట్లో కొనడం, కప్పుని ఆధారంగా పట్టుకునే కమ్ములు కోసి కప్పుని కిందికి దించి మళ్ళీ అతకడం, పెద్దకారు ఇంజను తెచ్చి ముందు బిగించడం. అది రోడ్డు మీద పరిగెత్తడానికి కాదు, ప్రదర్శనలో నిలబెట్టడానికి. పెద్ద పెద్ద హాళ్ళలో కార్పెట్ పరిచి, కింద అద్దాలు పెట్టి, చుట్టూ తాడు కట్టి, పెళ్ళికూతురిని చూసినట్టు జనం వచ్చి చూసి వెళ్ళేవారట. ఈ కారుకి బహుమతి కప్పులు కూడా వచ్చాయి. అంకుల్ వంటింటి అలమరాలో టీ పొడి డబ్బాల వెనక నల్లబడి ఉండేవి.

అందరూ చూడ్డానికి వచ్చేది పైకప్పునట. అది ఆయన భార్య ఆలోచన. ఆమె దగ్గర తెల్లటి లేసు బల్లగుడ్డ ఒకటి ఉండేది, ఏదో చర్చి సేల్‌లో కొన్నది. దాన్ని రెండు ముక్కలు చేసింది. కప్పుకి ముందు వెండిరంగు వేసి, ఆరాక ఒక ముక్క దాని మీద పరిచి, పైనుంచి ఎర్రరంగు స్ప్రే చేశారు. గుడ్డ తీసేస్తే దారం ఉన్నచోట వెండి మిగిలింది, సందుల్లో ఎరుపు పడింది. కప్పంతా పూలు. దాని మీద అద్దంలాంటి లక్క పూత. రెండో ముక్కని, కప్పుకి ఎప్పుడైనా దెబ్బ తగిలితే పనికొస్తుందని ఆమె దాచిపెట్టింది.

దెబ్బ తగిలింది. ఆ పిచ్చి తగ్గాక కారు గ్యారేజీలో పడింది, గ్యారేజీ రేకు పగిలింది, ఏళ్ళ తరబడి చుక్క చుక్క వాన నీళ్ళు సరిగ్గా ఆ పూల మీదే పడ్డాయి. రంగు బొబ్బలెక్కి పెచ్చులూడిపోయింది. వెనక మూలన అరచేతి వెడల్పు మాత్రం మిగిలింది.

ఆ అరచేతి వెడల్పు చూసి నేను ఆగిపోయాను. ఎనిమిది రేకుల పువ్వు, చుట్టూ జాలీ, పువ్వుకీ పువ్వుకీ మధ్య మూడు గొలుసుల అతుకు. మాది నర్సాపురం పక్కన పల్లె. మా పేటలో ఆడపిల్ల పలక పట్టేలోపే లేసు సూది పట్టేది. మా అమ్మ జన్మంతా ఆ పువ్వే అల్లింది. ఈ బల్లగుడ్డ మా వైపు నుంచే వచ్చిందని నేను ప్రమాణం చెయ్యలేను, లోకంలో ఇంకెవరైనా ఆ పువ్వు అల్లుతారేమో నాకు తెలీదు. కానీ మా అమ్మ అల్లినవన్నీ లేసు కొనే ఏజెంటు మూటకట్టుకుని తీసుకుపోతే ఓడలెక్కి ఇటువైపు దేశాలకే వచ్చాయి. మా ఇంట్లో బల్లా లేదు, బల్లగుడ్డా లేదు.

ఒక్కటి మిగిలింది. నేను నర్సింగు చదువుతుండగా అమ్మకి చూపు మందగించింది. కళ్ళకి ఆనకపోయినా వేళ్ళతో తడుముకుంటూ ఒక గుడ్డ పూర్తిచేసింది. ఏజెంటు వచ్చి దాన్ని మంచం మీద పరిచి, ముందు వరసలో ఒక పువ్వు మీద వేలు పెట్టి, ‘ఇక్కడ రేకు తక్కువొచ్చిందమ్మా, ఇది చెల్లదు’ అని పక్కకి విసిరేశాడు. అమ్మ తల దించుకుంది. అమ్మని చూసి పక్కన నేనూ దించుకున్నాను. ఆ తరవాత ఆమె సూది పట్టలేదు. రెండేళ్ళకి పోయింది. ఆ చెల్లని గుడ్డ నాతో పాటు ఇంగ్లండు వచ్చి బీరువా మీద సూట్‌కేసులో పడుకుంది.

కారుని బాగుచేస్తామని అంకులూ మావారూ ఎప్పుడు అనుకున్నారో నాకు చెప్పలేదు. చెప్పకుండానే మొదలైపోయింది. శనివారాలు పోయాయి. ఆదివారం చర్చి తరవాత పోయింది. తుప్పు గీకడం, రేకు అతకడం, ఇంజను విప్పి ట్రేలలో పరచడం, ఏళ్ళు పట్టింది. మావారి చేతులు ఎప్పుడు చూసినా రంగు కడిగే థిన్నరు వాసన. అంకుల్ స్టూలు మీద కూర్చుని ఒక్కో బోల్టుకీ వంక పెట్టేవారు, ఒకసారి విప్పించినదాన్నే మళ్ళీ బిగించమనేవారు, తప్పు తనదైతే చప్పుడు చెయ్యకుండా టీ పెట్టడానికి లేచి వెళ్ళిపోయేవారు. నేను ఇద్దర్నీ కలిపి తిట్టేదాన్ని.

కారులో అన్నీ ఒక కొలిక్కి వచ్చి, ఇక కప్పు మిగిలిందనగా అంకుల్ కంటి జబ్బు మొదలైంది.

ఎడమకన్ను అంతకుముందే పోయింది. ఇప్పుడు కుడికన్ను. కంటి వెనక పొరలో సన్నటి రక్తనాళాలు చిట్లి నెత్తురు ఊరే జబ్బు. గుడ్డితనం నల్లగా రాదు. చూపు అంచులు అలాగే ఉంటాయి, నడిమధ్య పోతుంది. ఎదురుగా మనిషి నిలబడితే చెవులు కనబడతాయి, మొహం కనబడదు. నేను ముసలివాళ్ళ వార్డులో నర్సుని, ఇది ఎటు పోతుందో నాకు తెలుసు. కంట్లో సూదిమందు వేయించుకోవడానికి ఆయన్ని హాస్పిటల్‌కి నేనే తీసుకెళ్ళేదాన్ని, డ్యూటీ రోటాలో నా సెలవుని దానికి సరిపెట్టుకుని. డాక్టరు మెత్తగానే చెప్పింది: మందు కొన్నాళ్ళు ఆపుతుంది, ఎన్నాళ్ళో చెప్పలేం, పోవడమంటూ జరిగితే తెల్లారేసరికి పోవచ్చు.

బయటికి వచ్చాక అంకుల్ కారు గురించే మాట్లాడారు. ఆ కప్పు మీద పూలు ఒక్కసారి చూస్తే చాలునన్నారు. ఆ తరవాత కన్ను ఏమైనా చేసుకోనీ అన్నారు. ఆయన అన్నది అదొక్కటే, కానీ ఆ రోజు నుంచి మా రెండిళ్ళలోనూ గడియారం చప్పుడు పెద్దదైంది.

ఇంక మావారికి నిద్ర లేదు. ఆఫీసు నుంచి వచ్చి వచ్చినట్టే గ్యారేజీకి. కప్పుకి వెండిరంగు వేసి ఆరబెట్టారు. తన భార్య దాచిన ఆ రెండో ముక్కని అంకుల్ పరుపు కింద నుంచి తీసుకొచ్చి ఇచ్చారు. దాన్ని మావారి చేతిలో పెడుతూ, పట్టు వదలడానికి కాస్త ఆలస్యం చేశారు.

ఆదివారం చర్చి అయిపోయాక ముహూర్తం. మావారికి ఒక అలవాటుంది. చర్చికి వెళ్ళాలంటే తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, పాపిడి తీసి, నున్నగా దువ్వాలి. వాళ్ళమ్మ అలా నేర్పింది, ప్రభువు ముందు చింపిరి తలతో నిలబడకూడదని. ఇంకో అలవాటు కూడా ఉంది. కంగారొస్తే అరచేత్తో తల నిమురుకుంటారు. చేతులకి గ్లవ్స్ ఉన్నాయి, నిజమే. ఆ గ్లవ్స్‌తోనే తల నిమురుకున్నారు, వాటితోనే లేసుని కప్పు మీద పరిచి, ముడతలు పోవడానికి మూల మూలా అద్దారు.

నేను అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి స్ప్రే అయిపోయింది. కప్పు మీద ఎర్రరంగు నిలవడం లేదు. నూనె ఎక్కువైన పెనం మీద అట్టుపిండి విడిపోతుంది చూడండి, అలా ఎక్కడికక్కడ గుండ్రంగా విడిపోయి కింద వెండి బయటపడుతోంది. ఒక్కచోట కాదు, కప్పంతా. వీటిని చేపకళ్ళు అంటారట ఆ పనిలో. అంకుల్ రంగుడబ్బాది తప్పన్నారు. మావారు గాలి కొట్టే మిషన్లో నీళ్ళు చేరాయన్నారు. ఇద్దరూ గొంతు పెంచారు. నాకు రంగు వాసన వెనక ఇంకో వాసన తగిలింది. అది మా దిండుగలీబు వాసన.

“ఏమండీ,” అన్నాను, “మీ తల.”

ఆయన చెయ్యి మళ్ళీ తల మీదకి వెళ్ళబోయి మధ్యలో ఆగిపోయింది. ఆ మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేను.

గుడ్డని కాపాడదామని థిన్నరులో ముంచారు. నలభై ఏళ్ళ నాటి నూలు, వేళ్ళ మధ్య పేలికలైపోయింది. అంకుల్ ఆ పేలికల్ని చూడలేదు, లేదా చూడనట్టు ఉన్నారు. కప్పు సాదా ఎరుపు వేసేద్దాం, అదీ బాగానే ఉంటుంది, అన్నారు. చాలా తేలిగ్గా అన్నారు. తరవాత నేను వాళ్ళింటికి వెళితే వంటింట్లో ఊరికే కూర్చుని ఉన్నారు, కెటిల్ కూడా పెట్టుకోలేదు.

మావారు కప్పుని మళ్ళీ గీకడం మొదలుపెట్టారు. తలకి నూనె మానేశారు. బీరువా మీద సూట్‌కేసులో ఏముందో ఆయనకి తెలుసు. అడగలేదు. వారం గడిచింది, అడగలేదు. అన్నం తింటారు, పళ్ళెం కడుగుతారు, బీరువా ఉన్న గదిలోకి వెళ్ళేటప్పుడు తల వంచుకుని వెళతారు. నాకు పిచ్చెక్కింది.

“అడగరేం?” అన్నాను చివరికి.

“అడగను.”

“అడగననడం అడగడం కాదా? నా దగ్గర అమ్మది అదొక్కటే ఉందని తెలీదా? మీ అంకుల్ కారు కోసం నేను దాన్ని రంగులో ముంచాలా?”

“నేనేం అనలేదే,” అన్నారు.

“అనకపోతేనే మంట!” అని గిన్నె విసిరేశాను. స్టీలు గిన్నె కాబట్టి సరిపోయింది.

ఇవ్వనని చెప్పేశాను. చెప్పాక మనసు కుదుటపడాలి కదా, పడలేదు. వార్డులో మందులు ఇస్తుంటే అదే. బస్సులో కూర్చుంటే అదే. ఆ నూనె మా ఇంటి సీసాలోది. ఆ ముక్క ఆయన భార్యది. మా అమ్మది నా దగ్గర భద్రంగా ఉంది, ఆయన భార్యది మా చేతుల్లో పేలికలైంది. ఎటు తిప్పి చూసినా లెక్క అక్కడికే వస్తోంది.

మళ్ళీ సూదిమందు రోజు వచ్చింది. క్లినిక్‌లో వరసగా కుర్చీలు, అన్నిట్లోనూ ముసలివాళ్ళు, ఒక్కొక్కళ్ళకీ ఒక కంటిమీద దూదిమెత్త. అంకుల్ గోడ వంక తల పక్కకి వంచి చూస్తున్నారు. తలుపు చట్రం వంకరగా కనబడుతోందన్నారు, వీధి దీపాల స్తంభాలు కూడా పాముల్లా వంకర్లు పోతున్నాయన్నారు. ఆ తరవాత మా అమ్మ కళ్ళ గురించి అడిగారు. మావారు ఎప్పుడో చెప్పి ఉంటారు. చూపు పోయాక ఆవిడ ఏం చేసింది, అల్లడం ఆపేసిందా, అన్నారు.

ఆపలేదని చెప్పాను. వేళ్ళతో లెక్కపెట్టుకుని అల్లిందని చెప్పాను. తప్పు వచ్చింది, ఏజెంటు విసిరేశాడు, అప్పుడు ఆపింది అని కూడా చెప్పాను. అది నేను ఎవరికీ చెప్పినది కాదు, మావారికి తప్ప.

ఆయన తలూపారు. బల్లగుడ్డ ఇమ్మని అడుగుతారేమోనని నేను బిగుసుకుని కూర్చున్నాను. అడగలేదు. నర్సు పేరు పిలిచింది, చెయ్యి పట్టుకోబోతే వద్దని, కుర్చీలు తడుముకుంటూ లోపలికి వెళ్ళారు. ఆయన వేళ్ళు ఒక్కో కుర్చీ వీపునీ వెతుక్కుంటుంటే నాకు ఏడుపొచ్చింది. సూట్‌కేసులో పెట్టుకుని నేను ఆ గుడ్డని ఏం చేస్తున్నాను? ఏడాదికోసారి కూడా తీసి చూడను. తీస్తే ఆ ఏజెంటు వేలు కనబడుతుంది, వెంటనే మడిచేస్తాను.

ఇంటికి రాగానే సూట్‌కేసు దించి గుడ్డ తీశాను. మావారి ముందు పెట్టి, దీన్ని నేనే పరుస్తాను, మీరిద్దరూ చెయ్యి వేశారంటే ఊరుకోను అని చెప్పాను. అంకుల్ మొదట ఒప్పుకోలేదు. వద్దు, అది మీ అమ్మది అని రెండుసార్లు వెనక్కి తోశారు. మూడోసారి నేను కసిరితే ఊరుకున్నారు.

కప్పు మళ్ళీ సిద్ధమవడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ రోజుల్లో అంకుల్ బాగా తగ్గిపోయారు. బోల్టులకి వంక పెట్టడం మానేశారు. మాటలు తగ్గించారు. టీ కూడా నన్నే పోయమనేవారు. ఇదంతా కంగారు అనుకున్నాను, ఎందుకంటే నాకూ అంతే కంగారుగా ఉంది.

లేసు ఉతికాను. మా ఊళ్ళో అయితే గంజి పెట్టి, తడిమీదే పలక మీద గుండుసూదులతో లాగి కొట్టి ఆరబెడతాం, అప్పుడు అప్పడంలా నిలుస్తుంది. చెయ్యి గంజి కోసమే లాగింది. కానీ గంజి పొడి రాలితే ఇంకో వ్రతభంగం. వట్టి నీళ్ళతోనే తడిపి, అంగుళానికో సూది గుచ్చి, లాగి లాగి ఆరబెట్టాను. జుట్టుకి వారం ముందు నుంచి నూనె లేదు, డ్యూటీలో వాడే టోపీ బిగించుకున్నాను. మావారి తలని నా చేతుల్తో రెండుసార్లు షాంపూ పెట్టి రుద్దాను.

కప్పు మీద పరిచేటప్పుడు ఊపిరి బిగబట్టాను. ఒక్కసారి ఆనిందంటే జరపకూడదు. మధ్యలో ఆనించి, అంచులకి లాగుతూ వెళ్ళాను. పసుపు టేపు వేశాను. చుట్టుపక్కలంతా మావారు న్యూస్‌పేపర్లు అంటించి ఉంచారు. లోపం ఉన్న పువ్వు ముందు అద్దం వైపు వచ్చింది. వెనక్కి తిప్పుదామంటే కుదరలేదు, గుడ్డ ఆకారం అటే పట్టింది.

మాస్కులు పెట్టుకున్నాం. అంకుల్ తలుపు దగ్గర స్టూలు మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. మావారు స్ప్రే గన్ ఎత్తారు. ఒక చెయ్యి తల వైపు లేచింది.

“చెయ్యి!” అన్నాను. దించేశారు.

రంగు పడుతోంది. మా అమ్మ దారం మీద ఎరుపు పడుతోంది. తెల్లటిది గులాబీ అయ్యింది, గులాబీ ఎరుపైంది, ఎరుపు చిక్కబడింది. ఇక అది మళ్ళీ తెలుపు అవదు. నాకు చాలా కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది, ఆపండి అని అరుద్దామనిపించింది. అరవలేదు. రంగు విడిపోతుందేమోనని రెప్ప వెయ్యకుండా చూశాను. విడిపోలేదు. నున్నగా, పాలమీగడ కట్టినట్టు కూర్చుంది.

తడి ఆరీ ఆరకముందే తియ్యాలి. నేనే తీశాను. మూల పట్టుకుని, వెనక్కి మడుస్తూ, మెల్లగా. కింద నుంచి పువ్వు తరవాత పువ్వు బయటికి వచ్చింది, వెండిగీతలతో, ఒక్కటీ చెదరకుండా. ముందు వరసలో ఆ ఏడు రేకుల పువ్వు కూడా అంతే శుభ్రంగా వచ్చింది. మావారు దాన్ని చూసి, సన్నటి కుంచెతో ఎనిమిదో రేకు గీసెయ్యనా అని గొణిగారు. నేను బదులు చెప్పకముందే అంకుల్ లేచి వచ్చారు.

కప్పు ముందు నిలబడ్డారు. అద్భుతంగా ఉందన్నారు. అచ్చం మా ఆవిడ వేసినట్టే ఉంది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు అన్నారు.

ఆ మాటతో నాకు అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన వంక పెట్టని వస్తువు ఒక్కటి లేదు. ఆయన చెయ్యెత్తి మెచ్చుకుంటున్నది పూలని కాదు, పక్కన అంటించిన న్యూస్‌పేపర్లని.

“అంకుల్,” అన్నాను నా చెయ్యి ఆయన ముందు ఎత్తి, “ఇవి ఎన్ని వేళ్ళు?”

“నువ్వు డ్యూటీలో లేవు, అమ్మాయ్,” అన్నారు.

“ఎన్ని వేళ్ళు?”

అప్పుడు ఒప్పుకున్నారు. నెత్తురు మళ్ళీ ఊరిందట, మూడు వారాలైందట. ఒక పొద్దున లేచేసరికి నడిమధ్య మసక, అంతే. ఎరుపు తెలుస్తోంది, మెరుపు తెలుస్తోంది, పువ్వు తెలియడం లేదు. మాకు చెప్పకుండా దాచారు. నేను మా అమ్మ గుడ్డని పలక మీద సూదులతో లాగి కొడుతున్నప్పుడు ఆయనకి తెలుసు, ఇది తనకి కనబడదని.

“తెలిసీ నన్నెందుకు చెయ్యనిచ్చారు?” అని అరిచాను.

“చెబితే ఆపేసేదానివి.”

“ఆపేసేదాన్నే! మీ కోసమే కదా ఇచ్చాను!”

“నా కోసమైతే నేనే ఆపేవాణ్ణి,” అన్నారు. “ఈ కారులో మా ఆవిడది ఉన్నది ఆ పూలొక్కటే.”

మావారు గన్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నా చేతిలో మా అమ్మ గుడ్డ ఎర్రగా బిగిసిపోతోంది. దాన్ని ఆయన మొహాన కొడదామనిపించింది, ఉన్నమాట చెప్పుకోవాలి. కొట్టలేదు. కానీ లక్కపూత పడ్డాక ఆ కప్పు గాజులా నున్నగా అయిపోతుంది, చేత్తో తడిమినా ఆయనకి పువ్వు తగలదు. నున్నటి ఇనుప రేకు, అంతే ఆయనకి మిగిలేది. అది తట్టేసరికి నా కోపం ఎటుపోయిందో పోయింది. ఆయన రెండు చేతులూ లాగి, ఆ గుడ్డ పెట్టాను.

రంగుతో దారం గట్టిపడి, ప్రతి రేకూ వేలికి తగులుతోంది. ఆయన ముందు అర్థంకానట్టు పట్టుకున్నారు. తరవాత స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పరుచుకుని, ఒక మూల నుంచి మొదలుపెట్టారు. వేళ్ళకి ఎర్రరంగు అంటుకుంటోంది. పువ్వు చుట్టూ తిరుగుతారు, అతుకు దాటతారు, పక్క పువ్వుకి వెళతారు. ముందు వరసకి వచ్చారు. ఒక పువ్వు దగ్గర వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ తిరిగింది. మళ్ళీ ఆగింది.

“ఇక్కడ ఒకటి తక్కువ,” అన్నారు. “ఇదేనా ఆ ఏజెంటు చెల్లదన్నది?”

అవునన్నాను. కింద కూర్చుండిపోయాను. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆయన ఆ పువ్వు మీద నుంచి వేలు తియ్యకుండానే, కుంచె పెట్టొద్దని మావారితో చెప్పారు.

మరుసటి వేసవిలో ప్రదర్శన. పెద్ద హాలు, కార్పెట్, కింద అద్దాలు, చుట్టూ తాడు, అన్నీ ఆయన చెప్పినట్టే. అంకుల్ కారు పక్కన మడతకుర్చీలో ఇస్త్రీ చేసిన చొక్కాతో కూర్చున్నారు, ఒళ్ళో ఆ ఎర్రటి లేసు. ఎవరైనా కప్పు గురించి అడిగితే వాళ్ళ చేతికి ఆ గుడ్డ ఇచ్చి తడమమనేవారు. నేను వెనక నిలబడి, నా షిఫ్టుకి టైమవుతోందని మావారిని సతాయిస్తున్నాను.

మార్కులు వేసే మనిషి వచ్చాడు. టార్చి వేసి చక్రాలు చూశాడు, ఇంజను చూశాడు, కప్పు మీదకి వంగాడు. ముందు వరసకి వచ్చి ఆగి, రంగుకి తగలకుండా సరిగ్గా ఆ పువ్వు మీదుగా వేలు పెట్టి, ఇక్కడ రేకు ఒకటి తక్కువ వచ్చిందన్నాడు.

“ఎడమ నుంచి మూడోది. తెలుసు,” అన్నారు అంకుల్.

ఎవరు చేశారని అడిగాడు. అంకుల్ నేనున్నవైపు మొహం తిప్పారు. ఆ మనిషి వేలు ఇంకా అక్కడే ఉంది. నాకు మా ఇంటి మంచం, దాని మీద పరిచిన తెల్లగుడ్డ, అమ్మ వంగిన మెడ కనబడ్డాయి.

“మా అమ్మ,” అన్నాను. “కళ్ళు కనబడకుండా అల్లింది.”

అతను వేలు తీసి, టార్చి దగ్గరగా పెట్టి, ఆ పువ్వుని మళ్ళీ చూశాడు. మార్కులు తగ్గించాడో లేదో నాకు తెలీదు, బహుమతి కప్పు వేరేవాళ్ళకి వెళ్ళింది. అతను చూస్తున్నంతసేపూ నేను అక్కడే నిలబడ్డాను. ఈసారి తల దించుకోలేదు.